వెన్నులో కాటుక

తిరునల్వేలి వరి వెన్నుల మీద దొరికిన ఒక బూజును 1878లో ఆంగ్ల శాస్త్రవేత్త ఎం.సి. కుక్ తొలిసారి వర్ణించాడు. మన రైతులు మానిపండు తెగులు, కాటుక తెగులు అనేది దాన్నే. గింజ ఉండాల్సిన చోట పసుప్పచ్చని ఉండ ఉబ్బి, నారింజ రంగుకు తిరిగి, చివరకు నల్లటి పొడిగా రాలుతుంది. చాలాకాలం దాన్నెవరూ పట్టించుకోలేదు. వెన్నుకు ఒకటి రెండు గింజలు పోతే పోయాయి. పైగా అది కనిపించిన ఏడు పంట విరగపండుతుందని నమ్మకం. అందులో కొంత నిజం లేకపోలేదు. యూరియా దండిగా తిని ఏపుగా ఎదిగిన చేనంటేనే ఆ బూజుకు ఇష్టం.

పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో వరి పరిశోధన 1925లో మొదలైంది. అక్కడి వాళ్ళ దిగులు వేరు: చేను పడిపోవడం, సుడిదోమ, అగ్గి తెగులు. మలేసియా నుంచి వచ్చిన మాసూరి రకాన్ని వసిష్ఠ రకంతో సంకరపరిచి 1982లో స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, విడుదల చేశారు. పొట్టిది, పడిపోనిది, ఒడిశా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్ దాకా పోయింది. పంటకాలం మాత్రం దాదాపు 150 రోజులు. తాడేపల్లిగూడెం వైపు గానీ, ఏలూరు కింద కొల్లేరు లోతట్టు చేలల్లో గానీ సార్వాకు, అంటే వానాకాలం పంటకు, అలాంటి రకం వేస్తే పొట్ట, ఈనిక దశలు అక్టోబరు ముసుర్లలో పడతాయి. మానిపండుకు కావలసిందీ అదే. ఇందులో రకం తప్పుకన్నా తేదీ తప్పే ఎక్కువని నేననుకుంటాను.

తెగులును తట్టుకునే రకం తయారుచేయడంలో ఎండాకు తెగులు కథ సాఫీగా నడిచింది. 1986లో బాపట్ల ఇచ్చిన సాంబ మసూరికి మూడు నిరోధక జన్యువులు చేర్చి, 2008లో హైదరాబాదు శాస్త్రవేత్తలు మెరుగైన రకం ఇచ్చారు. ఆకు మీద మచ్చను కొలవడం తేలిక. మానిపండు అలా కాదు. శిలీంధ్రం పొట్టలో ఉన్న వెన్నులోకే దూరి పూల కేసరాలను పట్టుకుంటుంది. ఈనాక గానీ బయటపడదు. పొట్ట దశలో వాన పడకపోతే లొంగే రకం కూడా శుభ్రంగా కనిపిస్తుంది. ఈ మొక్క నిజంగా తట్టుకుందా, తప్పించుకుందా? అది తేల్చడానికే శాస్త్రవేత్తలు సిరంజితో పొట్టలోకి శిలీంధ్ర బీజాల ద్రవం ఎక్కిస్తారు. ఒక్కో పిలకకూ ఒక్కో సూది. వందల రకాలకు అది ఎంత చాకిరీయో!

సోయాచిక్కుడు గింజ కుళ్ళుకు అమెరికా వాళ్ళు విత్తన నిధుల్లో వెదికితే గట్టి నిరోధక మూలాలు దొరికాయి. మానిపండు విషయంలో వరికి ఆ అదృష్టం పట్టలేదు. 2014లో చైనా బృందం ఈ శిలీంధ్రం జన్యుక్రమాన్ని ప్రకటించింది. నిరోధకతకు కొంత కొంత తోడ్పడే జన్యుభాగాలు కొన్ని రకాల్లో కనిపించాయి గానీ, ఒక్కటే చేర్చి నిశ్చింతగా ఉండగల జన్యువు లేదు.

కాబట్టి ఇప్పటికి తప్పించుకోవడమే మార్గం. 2000లో మార్టేరు ఇచ్చిన ఎంటీయూ 1010 సుమారు 120 రోజుల్లో కోతకొస్తుంది. దాళ్వాలో, అంటే రబీలో, అయితే పూత పొడి వాతావరణంలో పడుతుంది. సార్వాలో దీర్ఘకాలిక రకం వేసినవాళ్ళు ఆఖరి దఫా యూరియా తగ్గించి, పొట్ట దశలోనే ప్రోపికొనజోల్ పిచికారీ చేయాలి. ఉండలు కనిపించాక కొట్టే మందు డబ్బు దండగ.