మహమ్మారి కాలంలో సామాజిక కార్యకర్తల మనోభారం: 1897–2020 చారిత్రక పరిశీలన

1897 ఫిబ్రవరి 4న వెలువడిన అంటువ్యాధుల చట్టంలో ఉన్నవి నాలుగే సెక్షన్లు. బొంబాయిని అంతకుముందు ఏడాది నుంచి కుదిపేస్తున్న ప్లేగును అదుపు చేయడానికి అది ప్రభుత్వానికి విస్తృతాధికారాలు కట్టబెట్టింది. ఈ చట్టం కింద సదుద్దేశంతో చేసిన పనికి ఎవరిపైనా దావా వేయరాదని చివరి సెక్షన్ చెబుతుంది. అంటే, రక్షణ ఉత్తర్వును అమలు చేసే అధికారికి లభించింది. రోగి పక్కన కూర్చునే మనిషి ప్రస్తావన అందులో లేదు.

పుణె అనుభవం దీనికి మంచి నిదర్శనం. 1897 మార్చిలో ప్లేగు కమిటీ అధ్యక్షుడు రాండ్ సైనికుల చేత ఇళ్ల సోదాలు మొదలుపెట్టించాడు. ప్రజాగ్రహం జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరుల కాల్పులకు దారితీసింది. ఈ ఘట్టం చరిత్ర గ్రంథాలలో విస్తారంగా నమోదైంది. ఆ సోదాలు మొదలయ్యే రోజుల్లోనే, హడప్సర్ సమీపంలో కుమారుడు డాక్టర్ యశ్వంత్‌తో కలిసి రోగులకు సేవ చేస్తూ, తనకూ ప్లేగు సోకి సావిత్రీబాయి ఫూలే మార్చి 10న మరణించారు. జ్యోతిరావుకు ఆమె రాసిన లేఖలుగా ప్రసిద్ధమైన మూడూ 1856, 1868, 1877 నాటివి. జున్నర్ ప్రాంతం నుంచి రాసిన 1877 లేఖలో కరువును కళ్లారా చూసిన మనసు కలత, తోటి కార్యకర్తల గురించిన ఆలోచన స్పష్టంగా కనిపిస్తాయి. ప్లేగు నాటికి అటువంటి లేఖ అందుకోవలసిన వ్యక్తి లేరు. జ్యోతిరావు 1890లోనే కన్నుమూశారు. ఆమె చివరి వారాల మనఃస్థితిని తర్వాతి రచనలు ఎక్కువగా ‘త్యాగం’ అనే ఒక్క మాటతో సరిపెట్టాయి. ఆ మాట గౌరవప్రదమైనదే. కాని భయానికీ అలసటకూ విసుగుకూ అందులో చోటు దొరకదు.

కోవిడ్ కాలంలో ఇదే చట్టం మళ్లీ ప్రయోగంలోకి వచ్చింది. ఈసారి ఇంటింటికీ వెళ్లినవారిలో ముఖ్యులు ఆశా కార్యకర్తలు. హోదారీత్యా వీరు ఆరోగ్య కార్యకర్తలైనా, పని స్వభావాన్ని బట్టి సామాజిక కార్యకర్తలే. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ నిబంధనల ప్రకారం ఆశా అదే గ్రామంలో నివసించే, వివాహితో వితంతువో విడాకులు పొందినదో అయిన స్త్రీ కావాలి. ఎంపికలోని ఈ బలమే 2020లో భారంగా మారింది. రాండ్ సైనికుడు సోదా ముగించి శిబిరానికి వెళ్లిపోగలడు. ఊరి కోడలికి ఆ వీలు లేదు. నిన్నటిదాకా కాన్పుకు తోడు వచ్చిన ‘వదిన’, ‘పిన్ని’ ఇప్పుడు ఎవరికి జ్వరం వచ్చిందో, ఏ వలస కూలీ ఊరికి తిరిగొచ్చాడో పైవారికి తెలిపే మనిషి అయింది. తిరిగి వెళ్లాల్సిందీ ఆ వీధిలోకే, తన పిల్లల దగ్గరికే. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో చర్చించిన ‘భావోద్వేగ శ్రమ’ భావన ఇక్కడ కొంతవరకే ఉపకరిస్తుంది. అది వేతనానికి అమ్ముడయ్యే భావాల గురించిన విశ్లేషణ. ఆశాకు దక్కేది జీతం కాదు, ప్రోత్సాహకం.

2020 ఏప్రిల్ తొలి రోజుల్లో బెంగళూరులో సర్వేకు వెళ్లిన ఆశా కార్యకర్తలపై దాడి జరిగింది. అదే నెల 22న ఆర్డినెన్సు, సెప్టెంబరులో చట్టసవరణ వచ్చాయి. సవరణ సామాజిక ఆరోగ్య కార్యకర్తలను కూడా రక్షణ పరిధిలోకి తెచ్చింది. వారి నివాస, పని పరిస్థితులను దెబ్బతీసే వేధింపును సైతం హింసగా నిర్వచించి, 3 నెలల నుంచి 5 ఏళ్ల వరకు శిక్ష విధించింది. 1897తో పోలిస్తే ఇది చిన్న మార్పేమీ కాదు. అయినా చట్టం దృష్టిలో ముప్పు ప్రజల వైపు నుంచే వస్తుంది. విధి విధించిన ప్రభుత్వం వైపు నుంచి వచ్చే ఒత్తిడిని అది లెక్కించలేదు. కేంద్రం ప్రకటించిన కోవిడ్ ప్రోత్సాహకం నెలకు 1,000 రూపాయలు. 50 లక్షల రూపాయల బీమా ప్రధానంగా మరణానికి పరిహారం. బతికి ఉండి నిద్రపట్టని రాత్రులు ఆ లెక్కలోకి రావు. 2020 ఆగస్టులో ఆశా కార్యకర్తలు సమ్మెకు దిగి రక్షణ సామగ్రిని, మెరుగైన వేతనాన్ని కోరారు. వీటిని కేవలం ఆర్థిక డిమాండ్లుగా చదవడం పొరపాటు. మాస్కు లేకుండా గడప తొక్కవలసిన స్త్రీకి ఆ మాస్కే మనశ్శాంతికి మొదటి షరతు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలను అవార్డుతో సత్కరించింది. అప్పటికీ ప్రభుత్వ పత్రాలలో వారి హోదా ‘స్వచ్ఛంద సేవకురాలు’.