తివాచీకి నంబరుంది, నేసేవాడికో?

రాజోలులో కొబ్బరిపీచు గుట్టకి కస్టమ్స్ పుస్తకంలో నంబరు 5305. నూలుగా వడికితే 5308. ఆ నూలుతో కాళ్లు తుడుచుకునే పట్టా నేస్తే 5702 20. పీచు ఒకటే, పని మారినప్పుడల్లా నంబరు మారుతుంది.

గోదావరి దాటి ఏలూరు వెళ్తే ఉన్ని తివాచీ. పడుగు పోగుల చుట్టూ ఒక్కో ముడీ వేసి, కత్తిరించి, పేక తోసి, పంజాతో కొడతారు. ముడి ఉంది గనక అది 5701. ముడి లేని నేత 5702లోకి పోతుంది. కిలీం, షుమాక్, కరమానీ అనే నేతల పేర్లు అక్కడ ఉన్నాయి. 1988లో అమల్లోకొచ్చిన అంతర్జాతీయ పుస్తకం ఇది. నేసినవాడి పుట్టుపూర్వోత్తరాలు అడగదు. ఎందుకు వాడతారన్నదీ అంతగా పట్టించుకోదు: నేలపరుపు లక్షణాలుంటే చాలు, వేరే పనికి వాడినా అది తివాచీయే. జానమాజ్ అయినా సరే. డచ్చి ఓడలెక్కిన దక్కను తివాచీలు క్యోటోలో గియోన్ ఉత్సవ రథాలకి వేలాడుతున్నా సరే. కారులో పరిచే పట్టా కారు భాగం కాదు, తివాచీయేనని 2020లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది.

మరి మనిషి సంగతి? ఏలూరు నేతగాళ్లు పర్షియా నుంచి వచ్చారని రాసినవాళ్లంతా రాస్తారు. వచ్చే ఉండొచ్చు. కానీ 1851లో లండన్ ప్రదర్శనకి ఆ తివాచీ వెళ్లింది ఏలూరు పేరు మీదే. తరతరాలుగా తమ్మిలేరు నీళ్లు తాగినవాణ్ణి ఇంకా ఏ దేశం వాడివని అడుగుతూనే ఉన్నారు. దూది ఏకే దూదేకులవాళ్లని 1909లో థర్స్టన్ ప్రత్యేక కులంగా పుస్తకానికెక్కించాడు. తర్వాత వాళ్లు బీసీ-బి అయ్యారు.

2007లో బీసీ-ఇ వచ్చింది. 2010 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద నడుస్తోంది. ఆ చట్టం చదవండి. అత్తరు సాయిబు ఉన్నాడు, ధోబీ ముస్లిం ఉన్నాడు, తురక కాశా ఉన్నాడు. చేసే పనిని బట్టే చాలా పేర్లు. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ మాత్రం బయట. తివాచీ నేసేవాడు అన్న పేరే లేదు. ఒకే మగ్గం మీద ఇద్దరు కూచుని ముళ్లేస్తుంటే, షేక్ లోపల, సయ్యద్ బయట. వాళ్లు నేసిన తివాచీ మాత్రం ఇద్దరి చేతిలోనూ 5701.