డిశ్చార్జి వేళ పాత మందులూ సరిచూడాలి

వృద్ధులు ఆస్పత్రి నుంచి ఇంటికి చేరిన తొలి వారాలు మందుల విషయంలో కీలకమైనవి. కొత్త చీటీలో మాత్రలు మారినా, ఇంట్లోని పాతవి ఆపాలో వద్దో పలువురికి తెలియదు. ఒకే మందు వేర్వేరు కంపెనీ పేర్లతో లభిస్తున్నందున, రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్‌ను రెండు పేర్లతో రెండుసార్లు మింగే ప్రమాదం ఉంది. రక్తపోటు పడిపోయి, కళ్లు తిరిగి కిందపడితే తుంటి ఎముక విరగవచ్చు. మూత్రపిండాల పనితీరు తగ్గినవారిలో గ్లిబెన్‌క్లమైడ్ వంటి మధుమేహ మాత్రల వల్ల రక్తంలో చక్కెర ప్రమాదకరంగా తగ్గవచ్చు.

మందుల వల్ల కలిగే తీవ్రమైన, నివారించదగిన హానిని ఐదేళ్లలో 50 శాతం తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో లక్ష్యం నిర్దేశించింది. ఆస్పత్రి నుంచి ఇంటికి మారే దశను మూడు ప్రాధాన్యాంశాల్లో ఒకటిగా చేర్చింది.

పాటించవలసినవి

* డిశ్చార్జికి ముందే ఇంట్లోని మందుల అట్టలన్నీ వైద్యుడికి చూపాలి.
* కొత్తవి, మోతాదు మారినవి, ఆపినవి విడివిడిగా తెలుగులో రాయించుకోవాలి.
* వాడే వేళలను తిరిగి చెప్పి నిర్ధారించుకోవాలి.
* ఆపిన మందులను మిగతావాటితో కలిపి ఉంచరాదు.
* వైద్యుడిని అడగకుండా ఏ మాత్రా మానరాదు.
* మధుమేహ రోగికి చెమటలు, తడబాటు కనిపిస్తే, స్పృహలో ఉన్నప్పుడే చక్కెర నీరు తాగించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.