మందు తుపాకి: చెమ్మ, మసి, గురి

తల్లాడ, జూలూరుపాడుల నడుమ ఉన్న ఏన్కూరు, 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడేదాకా వరంగల్ జిల్లాలో భాగంగా ఉండేది. ఇటువంటి అడవి అంచు పల్లెల్లో చేలకు కాపలాగా నిలిచిన మందు తుపాకి, అంటే మందునూ గుండునూ గొట్టం మూతి నుంచి కూరి పేల్చే ఆయుధం, వానాకాలంలోనే ఎక్కువగా మొండికేసేది. మందు చెమ్మను పీల్చుకోవడం ఒక కారణం కాగా, కాలిన మందు మిగిల్చిన మసి తడిసి, నిప్పు లోపలికి పోయే సన్నని రంధ్రాన్ని పూడ్చివేయడం అంతకంటే మొండి కారణం. అందుకే వేడినీళ్లతో గొట్టం కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించడమే దీనికి అసలైన మరమ్మతు. 1807లో అలెగ్జాండర్ ఫోర్సైత్ పేటెంటు పొందిన, దెబ్బ తగిలితే అంటుకునే మందు పద్ధతి నుంచి పుట్టిన రాగి టోపీ, బయటి తడి బెడదను చాలావరకు తగ్గించింది.

గురి సంగతి వేరు. గొట్టం కొసన ఇత్తడి పూస ఒక్కటే ఆధారమైనచోట, దెబ్బ ఎడమకు పడుతుంటే పూసను ఎడమకే జరపాలి, ఎందుకంటే దానిని గురికి సరిపెట్టేటప్పుడు గొట్టం కుడికి తిరుగుతుంది. నేటి పిస్తోలు ముందు గురికీ ఇదే సూత్రం. అయితే నున్నని గొట్టంలో వదులుగా దొర్లే గుండు ఏ పక్కకు తగిలి బయటపడుతుందో తెలియదు కనుక, పూసను ఎంత సవరించినా ఫలితం కొంతే. ఇక ఇలాంటి తుపాకులను బాగుచేసేవారి విషయానికొస్తే, 1959 నాటి ఆయుధాల చట్టం మరమ్మతు వృత్తికి కూడా లైసెన్సు తప్పనిసరి చేసింది.