గడియారము: జపాను పనివారి కథ

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు పల్లెలలో ఈ మాటలు వినుచున్న మీకు నేడు ఒక చిన్న వస్తువు చరిత్ర విన్నవించెదను. అది గడియారము. ప్రతిదినము మనము చూచుచున్నదే కాని, దాని వెనుకనున్న పనితనము నెరిగినవారు కొందరే.

మా నాయనగారికి ఒక చేతి గడియారము ఉండెడిది. వేకువనే లేచి, పశువులకు మేత వేసి, మొగము కడుగుకొని, పిమ్మట దానికి కీ యిచ్చెడివారు. చిన్నవాడనగు నన్ను దానిని ముట్టనిచ్చెడివారు కారు. చెవియొద్ద నుంచి చప్పుడు మాత్రము వినిపించెడివారు. అది బెంగుళూరున తయారైన హెచ్.ఎమ్.టి. గడియారము. 1961లో ఆ కర్మాగారము నెలకొన్నప్పుడు పని నేర్పినవారు జపాను దేశపు సిటిజన్ సంస్థవారని చాలకాలమునకు గాని నాకు తెలియలేదు. మా నాయనగారి మణికట్టు మీది చప్పుడునకు మూల మెక్కడనో యని వెదకగా ఈ కథ దొరకినది.

ముందు మన సంగతి చెప్పెదను. గడియారమను మాట గడియనుండి పుట్టినది. అడుగున సన్నని రంధ్రముగల రాగి గిన్నెను నీటిపై నుంచిన, అది నిండి మునుగు కాలము ఒక గడియ. దానినే గడియకుడుక యనిరి. గడియ యనగా 24 నిమిషములు. అట్టివి 60 యైన ఒక దినము. ఏ ఊరి ప్రొద్దు ఆ ఊరిదే. 1906 జనవరి 1 నుండి దేశమున కంతటికి ఒకే కాలము ఏర్పడెను. దానికి ఆధారమైన రేఖ మన కాకినాడ చేరువగా పోవుచున్నది. నంద్యాల దానికి పడమరనుండుటచే, గడియారము 12 గంటలు చూపిన తరువాత సగటున 16 నిమిషములకు గాని ప్రొద్దు మన నడినెత్తికి రాదు. గడియారము చెప్పునది అందరి కాలము. నీడ చెప్పునది మన ఊరి కాలము.

జపానువారి పూర్వపు లెక్క వేరు. పగటిని ఆరు భాగములుగను, రాత్రిని ఆరు భాగములుగను వారు విభజించిరి. అందుచే వేసవియందు పగటి భాగము పెద్దది, చలికాలమున చిన్నది. ఇది మనకు వింత కాదు. రాహుకాలమును సరిగా గుణించువారు ఉదయాస్తమయముల నడిమి కాలమును ఎనిమిది చేయుదురు గదా! ఐరోపానుండి వచ్చిన గడియారములు సమానమైన గంటలనే చూపెను. జపాను పనివారు వానిని త్రోసివేయలేదు. ఋతువునుబట్టి సవరించుకొనదగిన గడియారములను తామే చేసికొనిరి. 1851లో తనకా హిసాషిగే యనునతడు, ఒకమారు కీ యిచ్చిన ఏడాది నడువవలెనను సంకల్పముతో అద్భుతమైన గడియారమొకటి నిర్మించెను. కాని 1873 జనవరి 1 నుండి ఆ దేశము పాశ్చాత్య కాలమానమును స్వీకరించెను. అంతటితో పాత గడియారము లన్నియు అక్కరకు రానివయ్యెను.

అట్టి సంధికాలమున పెరిగినవాడు హట్టోరి కింటారో. ఇతడు 1860లో టోక్యో నగరమున జన్మించి, బాల్యముననే పనిలో చేరి, గడియారముల మరమ్మతు నేర్చెను. 1881లో, 21 ఏండ్ల వయసున, సొంత అంగడి తెరచెను. 1892లో సీకోషా యను కర్మాగారమును స్థాపించి గోడ గడియారములను, 1895లో జేబు గడియారమును, 1913లో జపానులో తొలి చేతి గడియారమును చేయించెను. సీకో యనగా నేర్పుగల సున్నితమైన పని యని వారి భాషలో అర్థము.

1923 సెప్టెంబరు 1న గొప్ప భూకంపము వచ్చి, టోక్యో తగులబడెను. హట్టోరి కర్మాగారము బూడిద యయ్యెను. జనులు మరమ్మతునకిచ్చిన సుమారు 1,500 గడియారములు కూడ నశించెను. దైవికమైన ఆపదకు నేనేమి చేయుదునని ఆయన యనవచ్చును. అనినను తప్పు పట్టువారు లేరు. కాని ఆయన పత్రికలలో ప్రకటన వేయించి, పోగొట్టుకొన్న వారికందరకు క్రొత్త గడియారము లిచ్చెను. ఆ మరుసటి యేడు, 1924లో, సీకో యను పేరుతో తొలి గడియారము వెలువడెను. కాలిన నేలమీద మొదట మొలచినది మాట నిలుపుకొనుట, పిమ్మటనే వస్తువు.

1960లో ఆ సంస్థవారు గ్రాండ్ సీకో యను మేలిరకమును తెచ్చిరి. దినమునకు 86,400 సెకండ్లు. నేడు ఆ గడియారములలో కీతో నడచువానిని 17 దినములు పరీక్షింతురు; ఆరు విధములుగా నిలిపియు పరుండబెట్టియు, మూడు రకముల వేడిమిలోను చూతురు. సగటున దినమునకు 5 సెకండ్లకు మించి ముందునకు పోరాదు, 3 సెకండ్లకు మించి వెనుకబడరాదు. వెండ్రుకవంటి చిన్న స్ప్రింగును పట్టకారుతో పనివాడే సవరించును. లోహపు అంచును తిరుగుచున్న పళ్లెమునకు చేతితో ఆనించి, అద్దమువలె తేటయగువరకు మెరుగు పెట్టును. చేయి కొంచెము వంగిన, ప్రతిబింబము వంగును.

ఇక విచిత్రము వినుడు. 1969 డిసెంబరు 25న ఈ సంస్థయే స్ఫటికపు గడియారమును అమ్మకమునకు పెట్టెను. అందులోని స్ఫటికము సెకండునకు 8,192 మారులు కదలును. తప్పు నెలకు 5 సెకండ్లే. మొదట దాని వెల 4,50,000 యెన్నులు. కొన్నియేండ్లలోనే అట్టివి చౌకయై లోకమంతట వ్యాపించెను. స్విట్జర్లాండున అనేక కర్మాగారములు మూతపడెను. మన బెంగుళూరు సంస్థయు నానాటికి క్షీణింపగా, 2016లో కేంద్ర ప్రభుత్వము ఆ గడియారముల సంస్థను మూయ నిర్ణయించెను. నంద్యాలలో కంటికి భూతద్దము తగిలించుకొని మా నాయనగారి గడియారమును బాగుచేసిన పనివాడు, కడపటి దినములలో బ్యాటరీలు మార్చుటతోనే ప్రొద్దు పుచ్చెను. తన విద్యను కుమారునకు నేర్పలేదు. నేర్పి యేమి లాభమని నన్నే యడిగెను. నాకు బదులు తోచలేదు.

ఆ బదులు నాకు ఆళ్లగడ్డలో దొరకినది. అచ్చటి శిల్పులు దేవతామూర్తిని చెక్కునప్పుడు మొగము పొడవును తాళముగా గ్రహించి, దానిని 12 అంగుళములుగా భాగించి, తక్కిన అవయవములకు ఆ కొలతనే వాడుదురు. రాతిని కోయుటకు యంత్రములు వచ్చినవి. అయినను కన్ను తెరచునపుడు ఉలి పట్టినది మనుష్యుని చేయియే. జపాను సంస్థ యంత్రమును తానే కనిపెట్టియు, చేతిపనివానిని వెళ్లగొట్టలేదు. యంత్రమునకు చౌక పని నప్పగించి, మనుష్యునికి మేలిపని నుంచినది. ఆ మేలిపనికి తగిన వెల నిచ్చువారున్నంతకాలము ఆ విద్య నిలుచును.

కావున పెద్దలారా, మీ ఊరిలో వడ్రంగియో, కంసాలియో, శిల్పియో ఉన్నచో వాని పనికి బేరమాడునపుడు ఒక నిమిషము ఆగుడు. మా నాయనగారి గడియారము నేడును నాయొద్దనున్నది. వేకువనే కీ యిచ్చుచున్నాను. దినమునకు రెండు నిమిషములు వెనుకబడుచున్నది. సవరించు చేయి ఊరిలో లేదు.