కృష్ణ దొర్లించిన రాళ్ళు

ఇంట కూర్చుండి రాళ్ళను దొర్లించి నునుపు చేయుట నేడు పెక్కు దేశములలో ఒక వేడుకగా వర్ధిల్లుచున్నది. లోపల రబ్బరు తాపడము చేసిన చిన్న పీపాలో రాళ్ళు, గరుకుపొడి, నీరు పోసి, మూత బిగించి, విద్యుచ్ఛక్తితో వారముల తరబడి త్రిప్పుదురు. కడకు మూత తీసిననాడు, మట్టిరంగుతో లోనికి పోయిన రాయి తేనెరంగుతోనో, దానిమ్మగింజ యెరుపుతోనో మెరయుచు వెలికి వచ్చును. గోళీలంతటి గులకరాళ్ళతో తృప్తి చెందక, పిడికిలిని మించిన పెద్దరాళ్ళకు సైతము ఇట్లే మెరుగు పెట్టువారు కలరు. ఇది పరదేశములనుండి వచ్చిన విద్య యని మనలో కొందరు తలంపవచ్చును. కాని కృష్ణాతీరమున ఈ విద్యకు వేలయేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్ర ఎరిగినవాడు, చేతికి దొరికిన రాతిని పీపాలో వేయుటకు ముందు ఒక్క క్షణము ఆగును. ఏల ఆగవలెనో చెప్పుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

మొదట మన ఇంటినే చూతము. గంధము తీయు సాన, పచ్చడి నూరు సన్నికల్లు, పిండి విసరు తిరగలి మన పెద్దలకు నిత్యపరిచితములు. తిరగలిని కొన్నాళ్ళు త్రిప్పగా దాని రాళ్ళు ఒరసికొని నున్నబడిపోవును. అప్పుడు గింజ నలుగదు. మరల కక్కు కొట్టింపవలెను. రాతిని రాయియే అరుగదీయును. నడుమ పడిన గట్టి రేణువు ఆ అరుగుదలకు తోడ్పడును. మెరుగు విద్యకంతటికిని మూలసూత్రమిదియే. మంగళగిరివంటి క్షేత్రములలో పాతకాలపు గుడిమెట్లను చూచినను ఈ సూత్రమే తెలియును. జనము నడచిన నడుమ భాగము నున్నగను, నడువని అంచులు గరుకుగను ఉండును. అచ్చట పనిచేసినది ఉలి కాదు. పాదములును, పాదములకు అంటిన ధూళియును.

ఇక నది సంగతి. మంగళగిరికి ఉత్తరమున కొలది కిలోమీటర్ల దూరములో పారు కృష్ణ, సహ్యాద్రిపై మహాబలేశ్వరమునొద్ద పుట్టి, సుమారు 1,400 కిలోమీటర్లు ప్రయాణము చేసి సముద్రమున కలియుచున్నది. దాని మొదటి నడక నల్లని బసాల్టు సీమలో. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట పొరలు పొరలుగా పారిన లావా గట్టిపడగా ఏర్పడిన సీమ యది. చల్లారిన లావాలో వాయువులు విడిచిన బొరియలయందు సిలికా కొంచెము కొంచెముగా పేరుకొని, చారలు చారల అగేటు రాయిగను, ఎర్రని కార్నీలియనుగను మారినది. ఆ సీమను దాటిన నది కంకరరాతి మైదానములను, కర్నూలు పలనాడు ప్రాంతముల సున్నపురాతి పొరలను ఒరసికొని వచ్చి, ఇంద్రకీలాద్రికిని సీతానగరము కొండకును నడుమ తూర్పుకనుమల వరుసను దాటును. మంగళగిరి కొండయు ఆ వరుసకు చెందినదే.

దారి పొడవున విరిగి పడిన రాళ్ళనన్నిటిని వరదలు దొర్లించును. రాతికి మొనలే ముందు దెబ్బ తినును, మొనలే ముందు అరుగును. అందుచేతనే ఎంత వంకరరాయి యైనను చాలదూరము దొర్లినచో గుండ్రనగును. నర్మదలో దొరకు బాణలింగములు ఈ విధముగ నునుపెక్కిన రాళ్ళే. వాలు తగ్గినకొలది నది బరువును మోయజాలక పెద్దరాళ్ళను విడిచిపెట్టును. డెల్టా పొలములలో నాగలికి రాయి తగులకుండుటకును, ఎగువనున్న పరిటాల ప్రాంతమున గులకపొరలు దొరకుటకును కారణమిదియే. ఒక విశేషము గమనింపుడు. నది నునుపును ఇచ్చును గాని మెరుపును ఈయదు. ఏటిరాయి తడిసినప్పుడు అందగించి, ఆరగానే వెలవెలబోవును. పైని కంటికి కానరాని సన్నని గీతలుండుటచే వెలుగు చెదరిపోవుటయే ఇందుకు హేతువు. మెరుపు రావలెనన్నచో, ముతకపొడి చేసిన గీతలను సన్నపొడితోను, సన్నపొడి గీతలను ఇంకను సన్నని పొడితోను తుడువవలెను. ఈ క్రమము నదికి తెలియదు. మనుష్యునికి తెలిసినది.

ఎప్పుడు తెలిసినది? దక్షిణాపథమున నవీన శిలాయుగము స్థూలముగ క్రీస్తునకు పూర్వము 3000 మొదలు 1200 వరకు సాగినది. అంతకు పూర్వపు మానవుడు రాతిని చెక్కి విడిచెడివాడు. ఈ యుగపు మానవుడు నూరి నునుపు చేసెను. నల్లని డోలరైటు రాతిని ఎంచి, పెద్ద పెచ్చులు లేపి, గొడ్డలి ఆకారము తెచ్చి, చిన్న చిన్న పోట్లతో ఎగుడుదిగుళ్ళను సరిచేసి, తుదకు నీరు చల్లి బండమీద నూరెను. బళ్ళారి చెంతనున్న సంగనకల్లు కొండలలో ఇట్టి గొడ్డళ్ళు విరివిగా తయారైనవి. నూరగా నూరగా అచ్చటి బండలపై పడిన గాళ్ళు నేటికిని కాననగును. 1863లో మద్రాసు చెంత పల్లావరమున పాతరాతియుగపు చేతిగొడ్డలిని గుర్తించి పేరొందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్, తరువాత బళ్ళారి, అనంతపురము, కర్నూలు సీమలలో ఈ మెరుగు గొడ్డళ్ళను కూడ పెక్కింటిని సేకరించెను. మన కృష్ణాతీరముననే, నాగార్జునసాగరము నీట మునుగనున్న నాగార్జునకొండ లోయలో 1954 నుండి 1960 వరకు జరిగిన త్రవ్వకములలో, ఇక్ష్వాకుల నగరముతోపాటు నవీన శిలాయుగపు జనావాసములును, వారి మెరుగు గొడ్డళ్ళును బయల్పడినవి.

ఆ గొడ్డలి నునుపు కేవలము అందమునకు కాదు. గరుకు అంచు కొయ్యలో దిగునపుడు పట్టుకొని పెచ్చులూడును. నున్నని అంచు జారి లోనికి పోవును, చాలకాలము మన్నును. ఇంటిల్లిపాదికి పొలము కొట్టి పెట్టిన పనిముట్టు అది.

తరువాతి యుగములలో ఈ విద్య కన్నులకు పండువైనది. కృష్ణాడెల్టాలోని భట్టిప్రోలు స్తూపమును 1892లో అలెగ్జాండరు రీ త్రవ్వించినపుడు, రాతిపెట్టెలలో స్ఫటికపు భరిణెలు లభించినవి. క్రీస్తునకు పూర్వపు శతాబ్దులలో చేసిన ఆ భరిణెలలో ధాతువులను నిక్షేపించిరి. స్ఫటికము ఉక్కు కత్తికి లొంగనిది. 1812లో మోస్ అను శాస్త్రజ్ఞుడు ఏర్పరచిన కాఠిన్యపు మెట్లలో సున్నపురాయి 3, స్ఫటికము 7, కురువిందము 9, వజ్రము 10. తనకంటె గట్టిదానిచేతనే ఏ రాయియైనను చక్కగా అరుగును. కురువిందపు పొడిని లక్కతో కలిపి మన సానవారు చక్రములు చేసికొనెడివారు. ఆ రాతికి పాశ్చాత్యులు పెట్టిన కోరండము అను పేరు సైతము మన దేశభాషల మాటనుండి పుట్టినదే.

రాళ్ళను కలిపి దొర్లించి మెరుగు పెట్టుటయు మనకు క్రొత్త కాదు. ఘూర్జర దేశపు ఖంభాతులో అగేటు పూసలు చేయువారు, పూసలను గరుకుపొడితోను నీటితోను తోలుసంచిలో నింపి, ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగా కూర్చుండి దినముల తరబడి అటునిటు దొర్లించెడివారు. నేటి పీపాయంత్రము ఆ తోలుసంచికి మోటారు తగిలించినట్టిదే.

కృష్ణాతీరపు వజ్రముల కథ జగద్విదితము. పలనాటి కొల్లూరు గనిలో సుమారు 60,000 మంది పనిచేయుచుండగా చూచితినని 17వ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే వ్రాసెను. నేడా గని పులిచింతల జలాశయపు నీట మునిగియున్నది. మన సానవారినిగూర్చి అతడు చెప్పిన మాట ఒకటి ఈ ప్రసంగమునకు ముఖ్యము. వజ్రము నిర్దోషముగ ఉన్నచో వారు పైనను క్రిందను చక్రమును తాకించి విడిచెడివారట. బరువు తగ్గునను భయముచే ఆకారమును మార్పరట. మచ్చ యున్నచో మాత్రమే దానిని కప్పుటకు పలకలు తీర్చెడివారట. ఎంత అరుగదీయవలెనో తెలియుట విద్యలో సగము. ఎచ్చట ఆపవలెనో తెలియుట మిగిలిన సగము.

ఇక నేటి ఇంటి పీపా. ఇందు వాడు గరుకుపొడి సిలికాను కార్బైడు. దీనిని 1891లో అమెరికాలో ఎడ్వర్డు ఆచెసను కనుగొనెను. మొదట ముతకపొడి, పిదప నడిపొడి, పిదప సన్నపొడి, కడపట అల్యూమినా లేక సీరియము ఆక్సైడు వంటి మెరుగుపొడి. ఒక్కొక్క దశకు వారమో, అంతకు మించియో పట్టును. దశ మారినపుడెల్ల రాళ్ళను, పీపాను శుభ్రముగ కడుగవలెను. ముతకరేణువు ఒక్కటి మిగిలినను కడపటి మెరుపు చెడును. మెత్తని సున్నపురాతిని, గట్టి అగేటును ఒకే పీపాలో వేయరాదు. ఆ పొత్తులో మెత్తనిదే నశించును.

పెద్దరాయి విషయమున ఒక మెలకువ వలయును. దానిని ఒంటిగా వేసినచో, పీపా గోడమీద జారుచు ఊరకుండును, లేదా ఎత్తునుండి పడి బీటలు వారును. పెద్దదానిచుట్టు చిన్నవానిని చేర్చి, పీపాను సుమారు మూడింట రెండుపాళ్ళు నింపి, నెమ్మదిగ త్రిప్పవలెను. చిన్నరాళ్ళు దెబ్బను కాచును; పొడిని పెద్దరాతి మూలమూలకును చేర్చును. వరద నేర్పిన పాఠమే యిది. గుండ్రాతిని నునుపు చేయునది మరియొక గుండ్రాయి మాత్రమే కాదు, దానిచుట్టు ప్రవహించు ఇసుకయు.

రెండు హెచ్చరికలు. రాతిని పొడిగా నూరరాదు. సిలికా ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిసు అను మానని వ్యాధిని కలిగించును. ఖంభాతు పనివారి కుటుంబములు ఎన్నియో ఈ వ్యాధిచే నష్టపోయినవి. మన వేడుక అట్టి ముప్పునకు దారి కారాదు. ఎల్లప్పుడు నీటితోనే పని చేయవలెను. అట్లే, పీపానుండి వెడలు బురదను ఇంటి తూములో పోయరాదు. అది అడుగున పేరుకొని గడ్డకట్టి తూమును మూసివేయును.

ఇప్పుడు అసలు మాట. 1957లో విజయవాడ చెంత ప్రకాశము బరాజు పూర్తియైనది. 1967లో నాగార్జునసాగరమునుండి కాలువలకు నీరు విడిచిరి. ఎగువను శ్రీశైలము, దిగువను పులిచింతల వెలసినవి. ఈ జలాశయములు మన పొలములకు ప్రాణములు. కాని అవి నీటితోపాటు రాతినికూడ ఆపును. పాలేరు, మున్నేరు వంటి ఉపనదులు తెచ్చునది తప్ప, సహ్యాద్రి అగేటు మరల దొర్లుచు మన గట్టునకు వచ్చు రోజులు గడచినవి. మనకు ఇక్కడ దొరకు ఏటిరాళ్ళు పూర్వపు వరదలు దాచి పెట్టిన నిధి. తీసినది తీసినట్లే తరుగును.

ఆ రాళ్ళ నడుమ మనుష్యుడు మెరుగుపెట్టిన రాళ్ళును ఉండును. దక్కను గ్రామములు కొన్నిటిలో ప్రాతగొడ్డళ్ళను చెట్టు మొదట పెట్టి పూజించుట కలదు. ఐరోపా పల్లెలలో ఇట్టివానిని పిడుగుతో పడిన రాళ్ళని నమ్మెడివారు. వానిని గుర్తించుట కష్టము కాదు. నది అన్ని మొనలను సమముగ అరుగదీయును. మనుష్యుడు ఒక అంచును పదునుగ నిలుపును. రాయి ఒకవైపు సన్నగిల్లి, మరియొకవైపు వెడల్పై, రెండు ముఖములు ఒక్కతీరుగ వచ్చి వాడియంచున కలిసినచో, అది వరద చేసిన పని కాకపోవచ్చును. బెజ్జము పడిన ఎర్రని పూస యైనను, అక్షరము వంటి గీత యున్న పలక యైనను అంతే. నూరేండ్లు దాటిన ఇట్టివానిని 1972 నాటి చట్టము పురావస్తువులుగా పరిగణించుచున్నది.

అట్టి రాతిని పీపాలో వేసినచో ఏమగును? నాలుగు వారములలో అది మరింత మెరయును. కాని నాలుగువేల యేండ్లనాటి చేయి దానిపై విడిచిన నూరుడుగీతలు, వాడుకలో లేచిన పెచ్చులు, పిడి కట్టిన తావున పడిన ఒరిపిడి గుర్తులు మాసిపోవును. ఆ గీతలను చూచియే అది కొయ్యను కొట్టినదో, మట్టిని త్రవ్వినదో పండితులు చెప్పుదురు. ఒకసారి తుడిచిన పిమ్మట ఎంతటి పండితుడును చదువజాలడు. మెరుపు ఎప్పుడైనను తేవచ్చును. గుర్తును మరల తేలేము.

కావున రాళ్ళ వేడుక కలవారికి మా మనవి యిది. రాతిని ఎత్తినపుడు, దొరికిన తావును, తేదీని ఒక చీటిపై వ్రాసి పెట్టుడు. కడిగి, పగటివెలుగులో అన్ని ప్రక్కలు త్రిప్పి చూడుడు. అనుమానము కలిగినచో దానిని విడిగా ఉంచి, విజయవాడలోని బాపు మ్యూజియమువంటి చోటనున్న తెలిసినవారికి చూపుడు. వట్టి ఏటిరాయి యని తేలినపుడు నిశ్చింతగ పీపాలో వేయుడు. ఇంటిలోని పిల్లలకు ఈ పరీక్షయే మొదటి చరిత్రపాఠము కాగలదు. రాయి వారి చేతిలోనే యుండును గనుక, ఆ పాఠమునకు పుస్తకము సైతము అక్కరలేదు.