పక్కింటి తోడు

కంప్యూటరుకి కూడా కాలం చెల్లుతుందని 2025 అక్టోబరు 14న చాలా ఇళ్ళల్లో తెలిసింది. మైక్రోసాఫ్టు కంపెనీ ఆ రోజుతో విండోస్ 10కి మామూలుగా ఇచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది. పేరు నమోదు చేసుకున్న వాళ్ళకి ఇంకో ఏడాది గడువిచ్చిందనుకోండి. విండోస్ 11 వేసుకోమంటారు గానీ, సుమారు 2018కి ముందు కొన్న మెషిన్లలో చాలావాటికి, కంపెనీ లెక్క ప్రకారం, అది పట్టదు. తెర వెలుగుతూనే ఉంది, కీబోర్డు పనిచేస్తూనే ఉంది, అయినా పాతసామాన్ల బండెక్కించాలట! పిల్లల చదువు కోసం చీటీ పాడి కొన్న వస్తువు మీద మమకారం అంత తొందరగా పోతుందా?

అందుకే లినక్సు అనే పేరు ఇప్పుడు మనలాంటి ఇళ్ళల్లోనూ వినబడుతోంది. డబ్బు పెట్టి కొనక్కర్లేదు, పాత మెషిన్లోనూ నడుస్తుంది. మరి అది మనకి పనికొస్తుందా? నేను ఆర్ట్స్ చదివినదాన్ని. యంత్రం మూత విప్పి చూడ్డం నాకు చేతకాదు గానీ, వెనక్కి తిరిగి చూడ్డం అలవాటు. కనక జవాబు చరిత్రలోనే వెతికాను.

విండోస్ 1985లో పుట్టి, 1995 తరవాత ప్రపంచమంతా పాకింది. అది బజారులో కొనే సీసా పచ్చడి లాంటిది. రుచిగానే ఉంటుంది, కలిపినవాళ్ళు పాళ్ళు మాత్రం చెప్పరు. ప్రోగ్రాము గుట్టు అలా దాచడం అన్యాయమని 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పని మొదలుపెట్టాడు. పనిముట్లు చాలానే తయారయ్యాయి గానీ, అన్నిటినీ నడిపించే గుండెకాయ ఒకటి కుదరలేదు. 1991లో ఫిన్లండులో హెల్సింకీ యూనివర్సిటీ విద్యార్థి, 21 ఏళ్ళ లైనస్ టోర్వాల్డ్స్, దాన్ని రాశాడు. ఇదేదో సరదాకి రాస్తున్నాను, పెద్దదేమీ కాదని తోటివాళ్ళకి చెప్పుకున్నాడు కూడా! 1992లో దానికి గ్నూ వారి షరతే పెట్టాడు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, కానీ మార్చినదాన్ని పంచిపెట్టేటప్పుడు గుట్టు దాచకూడదు.

ఇది మనకి తెలియని ధర్మమా? పక్కింటినుంచి చెంచాడు మజ్జిగ తోడు తెచ్చుకుంటాం. ఇచ్చినావిడకి పోయేదేమీ లేదు. తెల్లారేసరికి మన గిన్నె నిండా పెరుగు. రేపు ఇంకొకావిడ వస్తే అందులోంచే ఇస్తాం.

సరే, ధర్మం బాగుంది. ఆచరణలో ఏమయింది? జర్మనీలో మ్యూనిక్ నగరం సంగతి చూడండి. 2003లో నగర పాలక సభ తన ఆఫీసు కంప్యూటర్లన్నీ లినక్సుకి మార్చాలని తీర్మానించింది. అది తప్పించాలని మైక్రోసాఫ్టు పెద్ద స్టీవ్ బామర్ తన సెలవులు ఆపుకుని మేయరు దగ్గరికి పరిగెత్తాడు. అయినా లాభం లేకపోయింది. 2013 నాటికి ఇంచుమించు 15,000 కంప్యూటర్లు మారాయి. అంతా అయిందనుకుంటే, 2017లో అదే సభ మళ్ళీ విండోసుకే పోదామంది. బయటినుంచి వచ్చే కాగితాల పొందిక చెడిపోతోందనీ, పని జరగడం లేదనీ ఉద్యోగుల గోల. 2016లో నగరం తెప్పించుకున్న నివేదిక మాత్రం అసలు చిక్కు కంప్యూటర్లు చూసే విభాగాల అమరికలో ఉందంది. అంటే, చెడిపోయినప్పుడు ఎవర్ని పిలవాలో, వచ్చినవాళ్ళు ఎంతవరకు చెయ్యాలో తిన్నగా తేలలేదన్నమాట.

మ్యూనిక్ మనకి దూరాభారం అంటారా? పక్కనే కేరళ ఉంది. అక్కడ 2001లో ఐటీ ఎట్ స్కూల్ అనే పథకం మొదలైంది. మొదట్లో అక్కడా విండోసే. తరవాత లినక్సుకి తిరిగారు. 2008 నాటికి పదోతరగతి ఐటీ పరీక్ష పూర్తిగా దానిమీదే. 2019లో కొత్త రకం విడుదల చేసినప్పుడు, అది రెండు లక్షలకు పైగా బడి కంప్యూటర్లకని, లైసెన్సుల రూపంలో 3,000 కోట్ల రూపాయలు మిగులుతాయని అక్కడి ప్రభుత్వ సంస్థ కైట్ లెక్క చెప్పింది. అంకె సంగతి అలా ఉంచండి. నాకు నచ్చింది వాళ్ళు చేసిన పద్ధతి. కంప్యూటర్లిచ్చి ఊరుకోలేదు. ముందు కొందరు టీచర్లకి గట్టిగా నేర్పారు, వాళ్ళు మిగతావాళ్ళకి నేర్పారు. కేరళ బడుల్లో టీచర్లు ఎక్కువమంది ఆడవాళ్ళే. మెషిను మొరాయిస్తే పక్క క్లాసులో ఉన్న టీచరే వచ్చి చూస్తుంది. ఇలాంటివి ఆడవాళ్ళకెందుకులే అనే మగమహారాజులు ఒకసారి అటు వెళ్ళి రావాలి!

ఇప్పుడు మన ఇంటికొద్దాం. ఉత్తరాలు రాసుకోవడం, పద్దులు వేసుకోవడం, కరెంటు బిల్లు కట్టడం, సినిమా చూడ్డం, అమెరికాలో ఉన్న మనవరాలితో మాట్లాడ్డం - వీటికి లినక్సు హాయిగా సరిపోతుంది. తెలుగు టైపు చెయ్యడమూ వస్తుంది. తెలుగులో పనిచేసే లినక్సును స్వేచ్ఛ అనే సంస్థ ఎప్పుడో తయారుచేసి పెట్టింది. అయితే ఇంట్లో ఎవరైనా టాలీలో లెక్కలు రాస్తున్నా, అను ఫాంట్లతో పేజ్‌మేకరులో పుస్తకాలు కూర్చే పని చేస్తున్నా, తొందరపడి విండోస్ తీసెయ్యకండి. అవి విండోస్ మీద పుట్టి పెరిగిన పనులు. కొన్ని ప్రింటర్లు కూడా పేచీ పెడతాయి. ముందు పెన్‌డ్రైవులో వేయించుకుని, ఉన్నది చెరపకుండా నడిపి చూడొచ్చు. నచ్చకపోతే తీసేస్తే సరి.

లినక్సంటే భయం అంటారా? 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోను వచ్చింది. ఆ ఫోన్లన్నిటి లోపలా ఉన్నది టోర్వాల్డ్స్ రాసిన ఆ గుండెకాయే. అందులో వంటలు చూస్తున్నాం, కూతురికి ఫోటోలు పంపుతున్నాం, కూరలవాడికి డబ్బులిస్తున్నాం. పేరు తెలియదు గనక భయం వెయ్యలేదు. పైగా, ఫోను చెడితే చూసేవాడు వీధి చివర కొట్లోనే ఉన్నాడు.

మ్యూనిక్‌లో చెడినా, కేరళలో నిలబడినా తేడా అక్కడే ఉందని నాకనిపిస్తుంది. రెండు చోట్లా లినక్సు ఒకటే. ఒకచోట అడిగితే చెప్పే మనిషి దగ్గర్లో ఉంది, రెండోచోట ఎవర్ని అడగాలో తేలలేదు. మన పల్లెల్లో కుట్టుమిషను నిలిచింది కూడా అలాగే కదూ! దారం తెగినప్పుడల్లా వచ్చి ఎక్కించి చూపించిన పొరుగావిడ ఒకరుండేది.

కాబట్టి, పాత కంప్యూటరుని బండెక్కించే ముందు మీ వీధిలో లినక్సు తెలిసిన అబ్బాయో అమ్మాయో ఉన్నారేమో విచారించండి. ఇంజనీరింగు చదివే పిల్లలు ఏ ఊళ్ళో లేరు గనక! ఒక ఆదివారం కాఫీ ఇచ్చి కూచోబెట్టుకోండి. వాళ్ళు చేసి వెళ్ళిపోవడం కాదు, మీ చేత చేయించమనండి. ఆ తరవాత మీ పక్కింటావిడ అడిగినప్పుడు మీరు చెప్పండి. పాలెంత చిక్కనివైనా తోడు పడితేనే కదా, పెరుగయ్యేది.